కిసెలో మ్ల్యాకో: ఒక దేశం తన పెరుగుకు పెట్టుకున్న పేరు

బల్గేరియా భాషలో పెరుగును 'కిసెలో మ్ల్యాకో' అంటారు. 'కిసెలో' అంటే పుల్లనిది. 'మ్ల్యాకో' అంటే పాలు. మాటకు మాట పెట్టి తెలుగు చేస్తే 'పుల్లని పాలు' అవుతుంది. తెల్లవారుజామున పాలు పోయించుకునే మన సంఘ కార్యదర్శి చెవిన ఈ మాట పడితే వెంటనే ఆ క్యాను పక్కన పెట్టిస్తాడు. పాలు పులిశాయంటే మనకు నష్టం, తగాదా. బల్గేరియా వారికి మాత్రం అదే మాట ప్రతి పూటా భోజనంలో ఉండవలసిన వస్తువు పేరు. అంతకు మించి, పరాయి దేశంలో ఉన్నప్పుడు వారు తమ దేశాన్ని తలచుకునే మాట కూడా అదే.

పాల వ్యాపారంలో ఉన్న మనం ఈ ఒక్క మాటను కాస్త నిదానంగా పరిశీలించటం మంచిదని మేము భావించాము. వస్తువును కాపాడుకుంటే దాని పేరుకు ఎంత విలువ వస్తుందో, కాపాడుకోకపోతే పేరు ఉండి కూడా వస్తువు ఎలా జారిపోతుందో ఈ మాట చరిత్రలో రెండూ కనిపిస్తాయి.

మాటకు మూలం

బల్గేరియా ఆగ్నేయ ఐరోపాలో నల్ల సముద్రపు ఒడ్డున ఉన్న దేశం. విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నది. కొండలు, పచ్చిక బీళ్ళు, గొర్రెల మందలు ఉన్న ప్రాంతం కావటం వల్ల పాడి అక్కడ ఎంతో పాతది. వారు మామూలు పాలను 'ప్ర్యాస్నో మ్ల్యాకో' అంటారు, అంటే తాజా పాలు. పెరుగు 'కిసెలో మ్ల్యాకో'. అంటే వారి దృష్టిలో పాలకు రెండు రూపాలున్నాయి, ఒకటి తాజాది, ఒకటి పులిసినది. పులిసినది చెడినది కాదు. అది పాలకు రెండవ దశ.

మనం పెరుగుకు పేరు పెట్టిన తీరు వేరు. నెయ్యి పేరింది అన్నట్టే పాలు పేరుకోవటాన్ని చూసి పెట్టిన పేరు 'పెరుగు' అని పండితులు చెబుతారు. ప్రపంచమంతా వాడుతున్న 'యోగర్ట్' అనే మాట తురుష్క భాషది. దానికి మూలం కూడా చిక్కబడటం, పిసికి ముద్ద చేయటం అనే అర్థమిచ్చే ధాతువే. మనమూ తురుష్కులూ గట్టిదనాన్ని చూశాము, బల్గేరియా వారు రుచిని చూశారు. గిన్నె వంచితే కదలని పెరుగు మనకు మంచి పెరుగు. నాలుకకు హాయిగా పులుపు తగిలేది వారికి మంచి పెరుగు.

బల్గేరియా 14వ శతాబ్దం చివరి నుండి 1878 వరకు, సుమారు అయిదు వందల ఏళ్ళు, ఒట్టోమాన్ తురుష్క సామ్రాజ్యంలో ఉంది. వంటింటి మాటలు ఎన్నో తురుష్క భాష నుండి వారి భాషలో చేరాయి. నీళ్ళు, ఉప్పు కలిపి పలుచన చేసిన పెరుగును వారు నేటికీ 'అయ్‌రాన్' అనే తురుష్క మాటతోనే పిలుస్తారు. అయితే పెరుగుకు మాత్రం పాత స్లావు మాటను విడవలేదు. ఇవాళ అక్కడి దుకాణాలలో 'యోగుర్ట్' అన్న మాట కనిపించినా, అది ఎక్కువగా పండ్ల ముక్కలు, చక్కెర కలిపిన రకాలకు వాడుతున్నారు. అసలు పెరుగు అసలు పేరుతోనే ఉంది.

'కిసెలో' అన్న మాటకూ, పులియబెట్టిన పదార్థం అని అర్థమిచ్చే 'క్వాస్' అన్న స్లావు మాటకూ ధాతువు ఒక్కటే. 'క్వాస్'ను భాషా శాస్త్రజ్ఞులు సంస్కృతంలోని 'క్వథతి', అంటే కాగుతుంది, ఉడుకుతుంది అనే క్రియతో పోల్చారు. ఆయుర్వేద వైద్యుడు మనకు కాచి ఇచ్చే 'క్వాథం' ఆ ఇంటిదే. పులిసేటప్పుడు పైకి లేచే నురుగు, కాగేటప్పుడు పైకి లేచే నురుగు పూర్వుల కంటికి ఒకేలా కనిపించి ఉండవచ్చు.

పొద్‌క్వాస అంటే తోడు

ఈ 'క్వాస్' నుండే మన వ్యాసానికి ముఖ్యమైన రెండవ మాట పుట్టింది. అది 'పొద్‌క్వాస'. 'పొద్' అంటే కింద. పాలలో కిందుగా చేరి వాటిని పులియబెట్టేది పొద్‌క్వాస. మన తోడు, చేమిరి అదే. వారి మాటలో పని చేసే చోటు ఉంది. మన మాటలో స్నేహం ఉంది. ఒంటరి పాలకు ఒక తోడు కావాలన్న భావన ఎవరికి వచ్చిందో గాని, ఈ విషయంలో మన మాటే అందమైనదని చెప్పటానికి మేము వెనుకాడము.

బల్గేరియా పల్లెలలో పెరుగు తోడుపెట్టే పద్ధతి మన ఆడవారికి కొత్తగా ఏమీ అనిపించదు. పాలను బాగా కాచి, వేలు పెడితే చురుక్కుమన్నా ఓర్చుకోగలిగే వేడి వరకు చల్లార్చి, ముందు రోజు పెరుగు ఒక చెంచా కలిపి, పాత్రను ఉన్ని గుడ్డతో కప్పి కదపకుండా ఉంచుతారు. తేడా అంతా వేడిలో ఉంది. మనం గోరువెచ్చని పాలలో తోడు వేసి రాత్రంతా వదిలేస్తాము. వారు సుమారు 45 డిగ్రీల వేడి దగ్గర తోడువేసి, ఆ వేడి పోకుండా కప్పుతారు. కనుక మూడు నాలుగు గంటలలోనే పెరుగు తోడుకుంటుంది. చల్లని దేశంలో గది వేడి మీద ఆధారపడితే పెరుగు కాదు గదా!

తోడు వేసే పాలు ఆవువే కానక్కరలేదు. పాత రోజుల్లో గొర్రె పాల పెరుగుకే గౌరవం ఎక్కువ. గొర్రె పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది కాబట్టి ఆ పెరుగు కత్తితో కోసినట్టు వస్తుంది. గేదె పెరుగు కూడా అక్కడ ప్రియమైనదే. ఇక్కడ మనకు సంబంధించిన విశేషం ఒకటుంది. తమ దేశవాళీ గేదెలను మెరుగుపరచటానికి బల్గేరియా వారు 1962లో మన దేశం నుండి ముర్రా గేదెలను తీసుకువెళ్ళి సంకరం చేశారు. అలా స్థిరపడిన జాతిని 'బల్గేరియా ముర్రా' అంటారు. మన గ్రామాలలో ముర్రా దున్నతో గ్రేడు చేసిన గేదెలకూ, సోఫియా నగరపు దుకాణంలో గేదె పెరుగు పాత్ర వెనుక ఉన్న గేదెలకూ ఈ విధంగా చుట్టరికం ఉంది.

పొద్‌క్వాస ఎక్కడ నుండి వస్తుంది? ఇరుగింటి నుండి, తల్లిగారింటి నుండి, నిన్నటి గిన్నె నుండి. అయితే మొట్టమొదటి గిన్నెకు ఎక్కడ నుండి వచ్చింది? దీనికి పల్లె వారి వద్ద జవాబులు ఉన్నాయి. మే 6న వచ్చే సెయింట్ జార్జి పండుగను వారు 'గెర్గ్యోవ్‌దెన్' అంటారు. గొర్రెల కాపరులకు అది సంవత్సరాది వంటిది. ఆ రోజున పాలు పితికే పాత్రకు పచ్చని ఆకులు, పూలు చుట్టి, తొలిసారి లాంఛనంగా గొర్రెలను పితుకుతారు. కొత్త పొద్‌క్వాసను కూడా ఆ రోజులలోనే సిద్ధం చేసుకునే ఆచారం ఉండేది. తెల్లవారుజామున గడ్డి మీది మంచును, కొన్ని మొక్కల కొమ్మలను, చివరకు చీమల పుట్టను కూడా అందుకు వాడేవారు. ఆ పండుగనాడు ఇంట్లో నుండి పాలు, తోడు, ఉప్పు బయటకు ఇవ్వరాదని, ఇస్తే పాడి తరలిపోతుందని చాలాచోట్ల నమ్మేవారు. దీపాలు పెట్టిన తరువాత చేమిరి అడిగితే మన పెద్దవారు ఏమంటారో చదువరులకు చెప్పనక్కరలేదు.

వీటిని మూఢనమ్మకాలని తోసివేయటం తేలికే. కానీ 2007లో బల్గేరియా పరిశోధకులు తమ దేశపు మొక్కల నుండి, ముఖ్యంగా కార్నెల్ అనే ఎర్రని పుల్లకాయల చెట్టు నుండి, పెరుగు సూక్ష్మజీవులను వేరుచేసి చూపారు. 2025లో మరొక పరిశోధక బృందం రొడోపి కొండలలోని నోవా మహలా అనే గ్రామానికి వెళ్ళి, అక్కడి వృద్ధులు చెప్పిన ప్రకారం గోరువెచ్చని పాలలో నాలుగు ఎర్ర అడవి చీమలను వేసి, పాత్రకు గుడ్డ కట్టి, ఒక రాత్రి చీమల పుట్టలో పాతిపెట్టింది. మరునాటికి పాలు చిక్కబడటం, పులియటం మొదలైంది. చీమలలోని ఆమ్లం, వాటిని అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మజీవులు ఇందుకు కారణమని వారు తేల్చారు. ఇది మన సభ్యులు ఇంట్లో చేసి చూడవలసిన ప్రయోగం కాదని వేరే చెప్పనక్కరలేదు. చీమలలో పురుగులు ఉండవచ్చునని ఆ పరిశోధకులే హెచ్చరించారు.

జెనీవాకు వెళ్ళిన మట్టికుండ

పశ్చిమ బల్గేరియాలో త్రన్ ప్రాంతాన 'స్తుదెన్ ఇజ్వోర్' అనే చిన్న ఊరు ఉంది. చల్లని ఊట అని దాని అర్థం. ఆ ఊరిలో 1878లో, అంటే దేశం తురుష్కుల పాలన నుండి బయటపడిన సంవత్సరమే, స్టామెన్ గ్రిగోరోవ్ పుట్టాడు. వైద్యం చదవటానికి స్విట్జర్లాండులోని జెనీవా నగరానికి వెళ్ళి, ప్రొఫెసరు లియోన్ మస్సోల్ ప్రయోగశాలలో పనిచేశాడు. ఇంటి నుండి 'రుకాట్కా' అనే మట్టిపాత్రలో వచ్చిన పెరుగును ఆయన సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. 1905లో, 27వ ఏట, పాలను పెరుగుగా మార్చే కడ్డీ ఆకారపు సూక్ష్మజీవిని గుర్తించాడు.

జెనీవాలో ఫ్రెంచి భాషలో ప్రచురించిన ఆ పరిశోధన పత్రం శీర్షికలోనే గ్రిగోరోవ్ తన ఊరి మాటను ఉంచాడు. 'బల్గేరియా వారి కిసెలో మ్లెకో' అని ఫ్రెంచి అక్షరాలలో రాశాడు. 'యోగర్ట్' అని రాసి ఉంటే పండితులకు ఇంకా తేలికగా అర్థమయ్యేది. కానీ ఆయన ఇంటి మాటనే ప్రయోగశాలకు తీసుకుపోయాడు. 1907లో ఆ సూక్ష్మజీవికి 'బాసిల్లస్ బల్గారికస్' అని పేరు స్థిరపడింది. తరువాత వర్గీకరణలు మారి నేడు దానిని 'లాక్టోబాసిల్లస్ డెల్‌బ్రూకీ, ఉపజాతి బల్గారికస్' అంటున్నారు. ఇంటిపేరు మారింది గాని బల్గారికస్ మాత్రం పోలేదు. గ్రిగోరోవ్ తన ప్రాంతానికి తిరిగి వచ్చి వైద్యుడుగా పనిచేశాడు, 1945లో మరణించాడు. ఆయన పుట్టిన ఊరిలో 2007లో పెరుగుకు ఒక ప్రదర్శనశాల నెలకొల్పారు.

ఇద్దరు కలిసి చేసే పని

కిసెలో మ్ల్యాకోలో బల్గారికస్ ఒంటరిగా పనిచేయదు. దానికి ఒక భాగస్వామి ఉంది. గుండ్రంగా, గొలుసులాగా ఉండే 'స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్' అది. వేడి పాలలో పడగానే ముందు అందుకునేది థెర్మోఫిలస్. అది పాలచక్కెరను ఆమ్లంగా మార్చుతూ, ఫార్మిక్ ఆమ్లాన్ని, బొగ్గుపులుసు వాయువును విడిచిపెడుతుంది. ఇవి బల్గారికస్ పెరుగుదలకు కావలసినవి. బల్గారికస్ పాల మాంసకృత్తులను ముక్కలుగా విడగొట్టి థెర్మోఫిలస్‌కు ఆహారం సమకూర్చుతుంది. ఒకటి లేకుండా రెండవది పనిచేయగలదు గాని, కలిసి చేసినంత వేగంగా, రుచిగా చేయలేదు. ఈ జంట పెరుగుకు వచ్చే ప్రత్యేకమైన వాసన అసిటాల్డిహైడ్ అనే పదార్థానిది. మన ఇంటి పెరుగులో 30 డిగ్రీల దగ్గర పెరిగే లాక్టోకాకస్ జాతివి ఎక్కువగా ఉంటాయి, దాని కమ్మని వెన్న వాసన డైఅసిటైల్ అనే పదార్థం వల్ల వస్తుంది. అందుకే దుకాణంలో కొన్న యోగర్ట్ తిన్నప్పుడు 'బాగానే ఉంది గాని మన పెరుగు కాదు' అనిపిస్తుంది. ఆ మాట అన్నవారి నాలుక పొరబడలేదు.

ఈ సందర్భంలో మన సంఘాలకు పనికివచ్చే విషయం ఒకటి చెప్పాలి. థెర్మోఫిలస్ పెన్సిలిన్ జాతి మందులను ఏమాత్రం తట్టుకోలేదు. పొదుగువాపు వచ్చిన గేదెకు పొదుగులోకి మందు ఎక్కించి, ఆ మరునాడే దాని పాలు సంఘానికి పోస్తే, అవి చూడటానికి బాగానే ఉంటాయి. లాక్టోమీటరు ఏమీ చెప్పదు, వెన్న శాతం సరిగ్గానే వస్తుంది. డెయిరీలో ఆ పాలకు తోడు వేసినప్పుడు మాత్రం పెరుగు తోడుకోదు, లేదా ఆలస్యంగా, పలుచగా తోడుకుంటుంది. ఒక్క పశువు పాలు వందల లీటర్లను పాడుచేసిన సందర్భాలు పాల పరిశ్రమకు కొత్త కాదు. పశువైద్యుడు చెప్పిన గడువు తీరేదాకా ఆ పాలు విడిగా ఉంచవలసినదే. బల్గేరియాలో గాని, మన మండలంలో గాని, తోడును మోసగించటం సాధ్యం కాదు.

వందేళ్ళ ఆయుష్షు

గ్రిగోరోవ్ పరిశోధన పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఉన్న ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుని ఆకర్షించింది. 1908లో నోబెల్ బహుమతి పొందినవాడు ఆయన. పేగులలో కుళ్ళు పుట్టించే సూక్ష్మజీవుల వల్లనే ముసలితనం త్వరగా వస్తుందని, పులిసిన పాలలోని జీవులు వాటిని అణచివేస్తాయని, బల్గేరియాలో నూరేళ్ళు నిండినవారు ఎక్కువగా ఉండటానికి అదే కారణమని ఆయన ప్రతిపాదించాడు. ఆ మాటతో ఐరోపా అంతటా పెరుగు మందుగా అమ్ముడుపోయింది. 1919లో ఐజాక్ కరాసో అనే ఆయన స్పెయిన్ దేశపు బార్సిలోనాలో స్థాపించిన 'డానోన్' మొదట్లో తన పెరుగును మందుల దుకాణాల ద్వారానే అమ్మింది.

ఈ విషయంలో కొంత జాగ్రత్తగా మాట్లాడుకోవాలి. మెచ్నికోవ్ రోజూ పులిసిన పాలు తాగి 71వ ఏట మరణించాడు. బల్గారికస్ మన పేగులలో స్థిరనివాసం ఏర్పరచుకోలేదని 1920ల నాటికే అమెరికా పరిశోధకులు చూపించారు. అది వచ్చి పోయే అతిథి మాత్రమే. నేడు గట్టిగా చెప్పగలిగినది ఇది: పెరుగులో ఈ జీవులు సజీవంగా తగినన్ని ఉంటే, పాలచక్కెర అరగనివారికి అది అరగటానికి సాయపడతాయి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో ఈ ఒక్క సంగతిని అంగీకరించింది, అదీ గ్రాముకు కనీసం 10 కోట్ల జీవులు ఉండాలన్న షరతు మీద. పెరుగు మంచి ఆహారం. ఆయుష్షును మూటగట్టి ఇచ్చే మందు అని చెప్పి అమ్మటం మన సంఘాలకు తగదు.

బల్గేరియా వారిలో మరొక గర్వమైన మాట వినిపిస్తుంది. ఈ సూక్ష్మజీవి తమ గాలిలో, తమ నేలలో మాత్రమే బ్రతుకుతుందని కొందరు చెప్పుకుంటారు. అది నిజం కాదు. ప్రపంచంలో ఎన్నో దేశాల పెరుగులో అది ఉంది. అయితే ఇంటింటి పొద్‌క్వాసలో వందల ఏళ్ళుగా ఎంపిక అవుతూ వచ్చిన రకాలు వారి దగ్గర ఎక్కువగా ఉన్నాయన్నది మాత్రం వాస్తవం.

కుండ నుండి కర్మాగారానికి

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బల్గేరియాలో సోషలిస్టు ప్రభుత్వం పాల పరిశ్రమను జాతీయం చేసింది. పల్లె ఇళ్ళలోని పెరుగును నమూనాలుగా సేకరించి, వాటిలో మంచి రకాలను ఎంచి, ప్రయోగశాలలో భద్రపరచి, డెయిరీలకు తోడుగా సరఫరా చేశారు. గాజు సీసాలలో పెరుగు పట్నం దుకాణాలకు వచ్చింది. తరువాత 400 గ్రాముల చిన్న బకెట్టు వంటి డబ్బాలు వచ్చాయి. వాటిని 'కోఫిచ్కా' అంటారు. ఈ కోఫిచ్కా ఎంతగా ఇంటి వస్తువు అయిందంటే, వంట చెప్పేటప్పుడు కూడా 'ఒక కోఫిచ్కా పెరుగు' అని కొలత చెబుతారు, మన సోలా, గిద్దెలలాగా.

ఆ పెరుగుతో ఏమి చేస్తారంటే, దాదాపు అన్నీ చేస్తారు. వేసవిలో 'తరాతోర్' అనే చల్లని పులుసు వారికి ప్రాణం. పలుచన చేసిన పెరుగులో కీరదోస ముక్కలు, వెల్లుల్లి, సోపు ఆకు వంటి ఒక ఆకుకూర, అక్రోటు పలుకులు వేస్తారు. మన పెరుగు పచ్చడికి తాలింపు తీసివేసి, నీళ్ళు ఎక్కువ పోస్తే ఇంచుమించు అదే. పెరుగును గుడ్డలో కట్టి వేలాడదీసి నీరు కార్చి ముద్ద చేసుకుంటారు. వెన్న చిలకగా మిగిలిన మజ్జిగకు మాత్రం 'మతెనిత్స' అని వేరే పేరు ఉంది. దానినీ, పెరుగులో నీళ్ళు కలిపిన అయ్‌రాన్‌నూ వారు ఒకటిగా చూడరు. మనం రెంటినీ మజ్జిగ అనే అనటం అలవాటు చేసుకున్నాము. ఈ విషయంలో వారి భాష మనకంటే ఖచ్చితంగా ఉందని ఒప్పుకోవాలి.

జపాను వారికి పుల్లగా తోచిన పెరుగు

1970లో జపాను దేశపు ఒసాకా నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. మన దేశంలో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన సంవత్సరం కూడా అదే. బల్గేరియా మంటపంలో చక్కెర కలపని పెరుగును సందర్శకులకు రుచి చూపించారు. అప్పటివరకు జపానులో దొరికే పెరుగు తియ్యగా, గట్టిపరచి ఉండేది. అక్కడి 'మెయిజి' డెయిరీ కంపెనీ వారు ఈ పెరుగును చూసి 1971లో అటువంటి దానిని తయారుచేసి అమ్మకానికి పెట్టారు. కొన్నవారిలో కొందరు ఇది పాడైపోయిందేమో అనుకున్నారట. మొదట చెప్పుకున్న మన కార్యదర్శి అనుమానమే అక్కడా కలిగిందన్నమాట.

కంపెనీ వారు తమ పెరుగుకు 'బల్గేరియా' అని పేరు పెట్టుకుంటామని అడిగారు. బల్గేరియా ప్రభుత్వం మొదట ఒప్పుకోలేదు. ఒక పరాయి కంపెనీ వస్తువుకు దేశం పేరు ఎలా ఇస్తాము అన్నది వారి అభ్యంతరం. చివరకు, తోడు బల్గేరియా నుండే తీసుకోవాలన్న ఏర్పాటుతో అనుమతి లభించి, 1973లో ఆ పేరుతో పెరుగు బజారులోకి వచ్చింది. నేటికీ జపానులో అది ఇంటింటికీ తెలిసిన పేరు. తోడును, అనుమతిని ఇచ్చే బాధ్యత ఇప్పుడు 'ఎల్‌బీ బల్గారికమ్' అనే ప్రభుత్వ సంస్థది. చదువరులు ఒక సంగతి గమనించాలి. బల్గేరియా అక్కడకు పాలు పంపలేదు, పెరుగు పంపలేదు. ఆ దేశం పంపినది పొద్‌క్వాసను, దానితో పాటు తన పేరును. ఇరుగింటికి చెంచాడు చేమిరి ఇచ్చే పాత అలవాటే, కాకుంటే ఈసారి ఒప్పందం కాగితం మీద ఉంది.

తరువాత 2009లో చైనాలోని బ్రైట్ డెయిరీ రొడోపి కొండలలోని 'మొమ్చిలోవ్‌త్సి' అనే గ్రామం పేరు మీద ఒక పెరుగు పానీయాన్ని ప్రవేశపెట్టింది. ఊరి పేరు కూడా అమ్ముడుపోయే కాలం వచ్చింది.

పేరు ఉండి పెరుగు పలచబడిన రోజులు

ఇంతవరకు చెప్పినది వింటే కథ సుఖాంతమని అనిపిస్తుంది. అలా జరగలేదు. 1989లో సోషలిస్టు ప్రభుత్వం పడిపోయిన తరువాత దేశమంతటా ధరలు, మార్కెట్లు, యాజమాన్యాలు తారుమారయ్యాయి. ప్రభుత్వ ప్రమాణాలు తప్పనిసరి కాకుండా పోయాయి. చిన్నా పెద్దా డెయిరీలు పుట్టుకొచ్చాయి. కొందరు పాలపొడి కలిపారు, కొందరు గట్టిదనం కోసం పిండి పదార్థాలు, జెలటిన్ వంటివి వేశారు. డబ్బా మీద మాత్రం కిసెలో మ్ల్యాకో అనే ఉంది. కొనేవాడికి పేరు చూసి వస్తువును నమ్మే వీలు లేకుండా పోయింది. జపానులో గౌరవంగా అమ్ముడవుతున్న పేరు సొంత ఇంటిలో పలచబడటం అక్కడివారిని బాధపెట్టింది.

2007లో దేశం ఐరోపా సమాఖ్యలో చేరింది. పాల నాణ్యతకు ఆ సమాఖ్య నిబంధనలు కఠినమైనవి. రెండు మూడు ఆవులు ఉన్న వేలాది చిన్న పాడి రైతులు వాటిని అందుకోలేక పశువులను అమ్ముకున్నారు. పాలు లేని ఇంటిలో తోడు నిలవదు. తరతరాలుగా గిన్నె నుండి గిన్నెకు మారుతూ వచ్చిన పొద్‌క్వాస అలా ఎన్నో ఇళ్ళలో ఆగిపోయింది. ఒకనాటి ప్రయోగశాలలు సేకరించి దాచినవి మాత్రం మిగిలాయి. నిబంధన మంచిదే కావచ్చు, కానీ దానిని అందుకోవటానికి చిన్నరైతుకు శీతలీకరణ, పరీక్ష, చేయూత ఇచ్చే సంఘం లేకపోతే ఏమవుతుందో ఇక్కడ కనబడుతుంది.

2010లో 'బీడీఎస్ 12' అనే జాతీయ ప్రమాణాన్ని తిరిగి సవరించి తెచ్చారు. దాని ప్రకారం కిసెలో మ్ల్యాకోలో ఉండవలసినవి పాలు, బల్గారికస్, థెర్మోఫిలస్. పాలపొడి, నిలవ ఉంచే మందులు, గట్టిపరచే పదార్థాలు ఉండరాదు. ఈ ప్రమాణం ఐచ్ఛికం. పాటించినవారు డబ్బా మీద ఆ గుర్తు వేసుకోవచ్చు. మేము చూసినంతలో ఇది మంచి మార్గమే గాని సంపూర్ణమైన పరిష్కారం కాదు. గుర్తు చదవటం తెలిసినవాడికే రక్షణ. చదవనివాడికి పాత పేరు ఒక్కటే కనిపిస్తుంది.

మన డబ్బా మీద మన మాట

పేరు గురించిన పేచీ మన వరకూ రాకపోలేదు. 2023 మార్చిలో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెరుగు ప్యాకెట్ల మీద 'దహీ' అని ముద్రించాలని ఆదేశించింది. తమిళనాడు, కర్ణాటకలలో సహకార డెయిరీల నుండి గట్టి అభ్యంతరం వచ్చింది. తయిర్ అని, మొసరు అని పిలుచుకునే వస్తువుకు మరొక భాష మాట ఎందుకని వారు అడిగారు. ఆ నెల 30వ తేదీన సంస్థ తన ఆదేశాన్ని సవరించి, 'కర్డ్' అన్న మాటతో పాటు ప్రాంతీయ నామాన్ని వేసుకోవచ్చని ప్రకటించింది. ఉదాహరణలుగా ఇచ్చిన పేర్లలో 'పెరుగు' కూడా ఉంది.

అదే సంస్థ నిబంధనలలో పెరుగుకూ యోగర్ట్‌కూ నిర్వచనాలు వేరు. పెరుగును హాని చేయని ఏ లాక్టిక్ తోడుతోనైనా చేయవచ్చు. యోగర్ట్ అని రాయాలంటే మాత్రం అందులో స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ ఉండాలి. కాబట్టి మన డెయిరీలలో ఎవరైనా కప్పులలో యోగర్ట్ తయారుచేయదలిస్తే తోడును ఆ ప్రకారమే తెప్పించుకోవాలి, ఇంటి చేమిరి పనికిరాదు. పెరుగు అని అమ్మేవారికి ఆ నిర్బంధం లేదు. అయితే ఏ తోడు వాడుతున్నారో, ఎన్ని రోజులకు ఒకసారి మార్చుతున్నారో రిజిస్టరులో రాసుకోవటం అవసరం. తోడు పాతబడి పులుపు ఎక్కువై పెరుగు నీరు విడుస్తున్నదని ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చూడవలసిన పేజీ అదే.